నాలుగు నెలలు కదలని కారును చలికాలానికి ఎలా సిద్ధం చేయాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మంచు పడే నెలల్లో నా పెట్రోలు కారును బయటికి తీయకుండా, ఇంటికి కాస్త ఎడంగా ఉన్న షెడ్డులో పెట్టి ఉంచాలని నిర్ణయించుకున్నాను. రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లడం మొదలైనప్పటి నుంచి, ఆ ఉప్పంతా వానలకు కొట్టుకుపోయేదాకా, అంటే సుమారు నాలుగు నెలలు, దానితో నాకు పని లేదు. కారు మాన్యువల్ గేర్లది. షెడ్డుకు కప్పు, తలుపు గట్టిగానే ఉన్నాయి గానీ లోపల వేడి చేసే ఏర్పాటు లేదు, కరెంటు లేదు, కింద మట్టి నేల.

పదిహేను రోజులకొకసారి ఇంజన్ స్టార్ట్ చేసి పది నిమిషాలు నడవనిస్తే చాలునని కొందరు చెబుతున్నారు. ఒకసారి పెట్టాక మళ్లీ ముట్టుకోవద్దని మరికొందరు అంటున్నారు. పెట్రోలు ట్యాంకు విషయంలోనూ ఇంతే: నింపమని ఒకరు, ఖాళీ చేయమని ఇంకొకరు. బ్యాటరీని కారులోనే ఉంచవచ్చా, టైర్లు పాడవకుండా కారును స్టాండ్ల మీదికి ఎత్తాలా అన్నవి నాకున్న మిగతా సందేహాలు. ఏం చేయాలో చెప్పడంతోపాటు ఎందుకు చేయాలో కూడా చెబితే, నా షెడ్డుకు తగినట్టు నేనే నిర్ణయించుకోగలను.

సమాధానం 1

మీ మొదటి సందేహానికి జవాబు తెలిస్తే మిగతావాటిలో సగం వాటంతటవే తేలిపోతాయి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. నిలిపి ఉంచిన కారుకు చలి చేసే హాని కంటే తేమ చేసే హాని ఎక్కువ. పది నిమిషాలు ఇంజన్ నడిపి ఆపడం అంటే ఆ తేమను మన చేతులతో మనమే లోపలికి పంపడం. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. ఇంజన్, సైలెన్సర్ బాగా కాగి ఉన్నప్పుడు ఆ ఆవిరి అంతా పొగతోపాటు బయటికి పోతుంది. చల్లగా ఉన్నప్పుడు మాత్రం సైలెన్సర్ లోపలి గోడలకు నీటి బొట్లుగా పట్టి అక్కడే నిలిచిపోతుంది. కొంత ఆవిరి, దానితోపాటు పూర్తిగా మండని కొంత పెట్రోలు, పిస్టన్ రింగుల పక్క నుంచి జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తాయి. మామూలుగా నడిపేటప్పుడు ఆయిల్ వేడెక్కి ఈ రెండింటినీ వదిలించుకుంటుంది గానీ, గడ్డకట్టే చలిలో నిలబెట్టి పది నిమిషాలు నడిపితే ఆయిల్‌కు ఆ వేడి అందదు, ఎందుకంటే కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) కంటే ఆయిల్ చాలా ఆలస్యంగా కాగుతుంది. పోనీ బ్యాటరీకైనా మేలు జరుగుతుందా అంటే అదీ లేదు. పదిహేను రోజుల్లో అది పోగొట్టుకున్న ఛార్జిని పది నిమిషాల్లో ఆల్టర్నేటర్ (ఇంజన్ నడిచేటప్పుడు కరెంటు పుట్టించే భాగం) తిరిగి ఇవ్వలేదు.

కాబట్టి ఒకసారి పెట్టాక ముట్టుకోవద్దన్నవారి మాటే సరైనది. తప్పనిసరిగా స్టార్ట్ చేయవలసివస్తే, ఉప్పు లేని పొడి రోడ్డు మీద కనీసం అరగంటసేపు నడిపి, ఇంజన్ పూర్తిగా కాగాకనే తెచ్చి పెట్టండి. అది కుదరకపోతే తాళం చెవి తిప్పనే వద్దు.

ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ మార్చడం చాలామంది చలికాలం వెళ్లాక చేద్దామని వాయిదా వేస్తారు. నా దృష్టిలో అది తలకిందులు పని. వాడిన ఆయిల్‌లో ఇంధనం మండగా మిగిలిన ఆమ్లాలు, తేమ కలిసి ఉంటాయి, అవి నెలల తరబడి బేరింగుల మీద కూర్చోవడం మంచిది కాదు. పెట్టే ముందే ఆయిల్ మార్చి, కొత్త ఆయిల్ అన్ని భాగాలకూ చేరేలా కొంతదూరం నడిపి, ఆ తర్వాత షెడ్డులోకి చేర్చండి.

ట్యాంకును దాదాపుగా నింపండి. వ్యాకోచానికి కొంచెం చోటుండాలి కనుక పంపు ఆగిన తర్వాత కూడా పట్టుబట్టి మూతిదాకా పోయించవద్దు. ఇప్పుడు చాలాచోట్ల దొరికే పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ నీరు ఒక మోతాదు మించితే నీరు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. ఇంధన పంపు పీల్చుకునేది అక్కడి నుంచే. ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలికి చోటుండదు, గాలి లేకపోతే తేమా తక్కువే. ఖాళీగా ఉంచితే ఇనుప ట్యాంకు లోపల తుప్పు పడుతుంది, రబ్బరు సీళ్లు ఎండిపోతాయి. నిల్వ ఇంధనం కోసం అమ్మే స్టెబిలైజర్ ద్రవాన్ని, ట్యాంకు నింపడానికి ముందు, డబ్బా మీద రాసిన మోతాదులో పోసి, నింపించుకుని కనీసం పదిహేను నిమిషాలు నడపండి, లేకపోతే అది ట్యాంకులోనే ఉండిపోయి పైపులకూ ఇంజెక్టర్లకూ చేరదు. అది పెట్రోలు పాతబడటాన్ని నెమ్మదింపజేస్తుందే తప్ప అప్పటికే పాడైన పెట్రోలును బాగుచేయదు. నిజం చెప్పాలంటే, ఇప్పటి కార్ల ఇంధన వ్యవస్థ గాలి చొరబడకుండా మూసి ఉంటుంది కనుక నాలుగు నెలలకు స్టెబిలైజర్ వాడకపోయినా మునిగిపోయేదేమీ ఉండకపోవచ్చు; కార్బురేటర్ ఉన్న పాత బండి అయితే మాత్రం నేను మానను.

కూలెంట్‌ను ఏదైనా వర్క్‌షాపులో పరీక్ష చేయించండి. కూలెంట్‌లో వాడే ఇథిలీన్ గ్లైకాల్, నీరు సగం సగం కలిపితే సుమారు మైనస్ 37 డిగ్రీల సెల్సియస్ దాకా గడ్డకట్టదు. ఎక్కువ పోస్తే ఎక్కువ రక్షణ అనుకుని నీరు కలపకుండా పోసేవారున్నారు. నీరు లేని గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. మాటిమాటికీ నీళ్లు పోసి కూలెంట్‌ను పలచబరిచిన కారు అయితే ఈ పరీక్ష అస్సలు మానవద్దు, ఎందుకంటే నీరు మంచుగా మారేటప్పుడు దాదాపు 9 శాతం పెరుగుతుంది, ఆ ఒత్తిడికి ఇంజన్ బ్లాకే పగలవచ్చు. అద్దాలు కడిగే నీళ్ల డబ్బాకూ ఇదే వర్తిస్తుంది. మామూలు నీళ్లుంటే తీసేసి, గడ్డకట్టని ద్రవం పోసి, అది నాజిళ్లదాకా వచ్చేలా రెండుసార్లు చిమ్మించండి.

సమాధానం 2

పై సమాధానంలో బ్యాటరీ గురించి రెండు మాటలే ఉన్నాయి కాబట్టి ఆ భాగాన్ని నేను తీసుకుంటాను. షెడ్డులో కరెంటు లేదన్నారు గనుక మీ బ్యాటరీని విప్పి ఇంటికి తీసుకురావడమే మేలు.

తాళం వేసి నిలిపిన కారులో కూడా అలారం, రిమోట్ సంకేతం కోసం ఎదురుచూసే రిసీవరు, లోపలి కంప్యూటర్లు కొద్దికొద్దిగా కరెంటు వాడుతూనే ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న కారులో ఇది సాధారణంగా 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల దాకా ఉంటుంది. దాన్ని 30 అనుకున్నా, రోజుకు 0.72 ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి, 120 రోజులకు 86 దాటుతాయి. 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మూడు నెలలు నిండకుండానే పూర్తిగా ఖాళీ అవుతుందన్నమాట. స్టార్టర్ తిప్పలేని స్థితికి అంతకంటే ఎంతో ముందే చేరుతుంది. ఖాళీ అయితే మళ్లీ ఛార్జి చేసుకోవచ్చు కదా అనిపిస్తుంది గానీ, ఛార్జి తగ్గిన లెడ్ ఆసిడ్ బ్యాటరీలో ప్లేట్ల మీద సీసపు సల్ఫేటు గట్టిపడి, ఆ మేరకు దాని సామర్థ్యం శాశ్వతంగా తగ్గిపోతుంది. చలి ప్రాంతంలో ఇంకొక ప్రమాదం కూడా ఉంది. నిండుగా ఛార్జి ఉన్న బ్యాటరీలోని ఆమ్లం మైనస్ 50 డిగ్రీల చలికి కూడా గడ్డకట్టదు. ఛార్జి అడుగంటినప్పుడు మాత్రం లోపలి ద్రవం నీటికి దగ్గరవుతుంది కనుక సున్నాకు కొద్ది డిగ్రీలు దిగువనే గడ్డకట్టి డొక్కును పగలగొట్టవచ్చు. గడ్డకట్టినట్టు అనుమానం ఉన్న బ్యాటరీకి ఎప్పుడూ ఛార్జర్ తగిలించవద్దు, అది పేలే ప్రమాదముంది.

విప్పే ముందు ఇంజన్ ఆపి, తలుపులు మూసి, కంప్యూటర్లు పూర్తిగా సద్దుమణిగేదాకా కొంతసేపు ఆగండి. నెగెటివ్ తీగను ముందు విప్పాలి, తిరిగి బిగించేటప్పుడు చివర బిగించాలి. కారు శరీరమంతా నెగెటివ్‌కు కలిసి ఉంటుంది కాబట్టి, పాజిటివ్‌ను ముందు విప్పుతూ స్పానర్ పొరపాటున బాడీకి తగిలితే పెద్ద మెరుపుతో షార్ట్ అవుతుంది. బ్యాటరీ డిక్కీలో ఉండి, ఆ డిక్కీ మీటతో కాకుండా కరెంటుతో తెరుచుకునే రకం అయితే, బ్యాటరీ విప్పాక డిక్కీ మూయకముందే దాన్ని తాళం చెవితో తెరిచే దారి ఉందో లేదో యజమాని పుస్తకంలో చూసుకోండి. ఈ చిన్న విషయం మరచిపోయి వసంతంలో కారు చుట్టూ ప్రదక్షిణలు చేసేవారిని నేను చూశాను. రేడియోకు కోడ్ అవసరమైతే అదీ ముందే రాసిపెట్టుకోండి.

ఇంట్లో గాలి ఆడే, పిల్లలకు అందని చోట బ్యాటరీని నిటారుగా ఉంచండి. సిమెంటు నేల మీద పెడితే ఛార్జి దిగిపోతుందన్న మాట పాతకాలపు డొక్కులకు సంబంధించినది, ఇప్పటి ప్లాస్టిక్ డొక్కులకు వర్తించదు. దాన్ని కదపకుండా కొన్ని గంటలు ఉంచి మల్టీమీటర్‌తో కొలిస్తే, నిండు ఛార్జికి 12.6 వోల్టులు లేదా కాస్త ఎక్కువ కనిపించాలి, 12.4 దగ్గరికి వస్తే దాదాపు నాలుగో వంతు పోయినట్టు, అప్పుడు ఛార్జి చేయాలి. నెలకొకసారి చూస్తే సరిపోతుంది. ఎప్పుడూ తగిలించి ఉంచదలిస్తే, నిండగానే దానంతట అది తగ్గించుకునే మెయింటెయినర్ రకమే కొనండి, మామూలు ఛార్జర్‌ను నెలల తరబడి వదిలేస్తే బ్యాటరీలోని నీరు ఆవిరైపోతుంది. మీది ఏజీఎం బ్యాటరీ (ఆమ్లాన్ని గాజు పీచు పొరల్లో పట్టి ఉంచే రకం) అయితే ఛార్జర్‌లో ఆ రకానికి తగిన అమరిక ఉండాలి.

సమాధానం 3

కారు బయటి భాగం గురించి ఎవరూ చెప్పలేదు. మట్టి నేల ఉన్న షెడ్డుకు నాకు అదే ముఖ్యమనిపిస్తోంది. మట్టి నుంచి ఎప్పుడూ చెమ్మ పైకి వస్తూ ఉంటుంది, అది నేరుగా కారు అడుగుకు తగులుతుంది. కారును లోపలికి తెచ్చే ముందు నేల మీద మందపాటి పాలిథీన్ షీటు పరచి, దాని మీద చక్రాలు వచ్చే చోట చెక్కపలకలు వేయండి. పైన కప్పే గుడ్డకు మాత్రం పాలిథీన్ పనికిరాదు. కింద అడ్డుకోవలసిన తేమే పైన బయటికి పోవాలి కాబట్టి, గాలి ఆడే బట్టతో చేసిన కవరే వాడాలి.

ఉప్పు చల్లడం మొదలయ్యాక ఒక్కరోజైనా కారు రోడ్డెక్కి ఉంటే, దాన్ని కడగకుండా పెట్టవద్దు. చక్రాల పైభాగం, సస్పెన్షన్ భుజాలు, అడుగున ఉన్న మూలలు అన్నీ నీటి ఒత్తిడితో కడిగించండి. షెడ్డులో వేడి లేదని మీరు చింతిస్తున్నట్టున్నారు గానీ, ఉప్పు తడి ఉన్న కారుకు వెచ్చని గ్యారేజీ కంటే చల్లని షెడ్డే నయం, ఎందుకంటే తుప్పు వేడికి వేగంగా సాగుతుంది. కడిగాక వెంటనే తెచ్చి పెట్టవద్దు; కొంతదూరం నడిపి, బ్రేకులు నాలుగైదుసార్లు నొక్కి, డిస్కులు ఆరాక పెట్టండి. పిట్టల రెట్టలు, చెట్ల జిగురు మిగలకుండా చూసి, వ్యాక్స్ పూసి, తలుపుల రబ్బర్లకు సిలికోన్ రాయండి. వైపర్ బ్లేడ్లు అద్దానికి అంటుకోకుండా మధ్యలో చిన్న అట్టముక్క పెడితే చాలు.

హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలేయవద్దు. నెలల తరబడి నొక్కుకుని ఉంటే బ్రేక్ ప్యాడ్లు డిస్కుకో డ్రమ్ముకో తుప్పుతో అతుక్కుపోతాయి. మొదటి గేరులో ఉంచి, చక్రాలకు రెండువైపులా దిమ్మలు అడ్డుపెట్టండి.

కారును స్టాండ్ల మీదికి ఎత్తాలా అని అడిగారు. నాలుగు నెలలకు అక్కర్లేదని నా అభిప్రాయం. బాడీ కింద స్టాండ్లు పెట్టి చక్రాలు వేలాడదీస్తే సస్పెన్షన్ రబ్బరు బుష్షులు మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోతాయి, షాక్ అబ్జార్బర్ రాడ్లు చెమ్మకు తెరుచుకుంటాయి. అంతకంటే టైర్లలో గాలి కొంత ఎక్కువగా కొట్టించడం సులభం. మామూలు కంటే బాగా ఎక్కువ, అవసరమైతే 50 పీఎస్‌ఐ దాకా కొట్టించి పెట్టేవారున్నారు, దానివల్ల నష్టమేమీ లేదు.

సమాధానం 2 రాసినవారి స్పందన

50 పీఎస్‌ఐ అన్నదాన్ని అలా వదిలేయడం నాకు ఇష్టం లేదు. టైరు పక్కగోడ మీద ముద్రించిన గరిష్ఠ పరిమితిని ఏ కారణంతోనూ దాటకూడదు, కొన్ని టైర్లకు అది 50 కంటే తక్కువే ఉంటుంది. డ్రైవరు తలుపు చట్రం దగ్గర రాసి ఉన్న ఒత్తిడి కంటే 4, 5 పీఎస్‌ఐ ఎక్కువ ఉంటే ఈ అవసరానికి చాలు. చలికి 10 డిగ్రీలు తగ్గినప్పుడల్లా దాదాపు 2 పీఎస్‌ఐ పడిపోతుంది, నెలలు గడిచేకొద్దీ గాలి సహజంగానూ కొంత జారుతుంది, కాబట్టి ఆ అదనం అక్కడికే సరిపోతుంది. నేలకు ఆనిన చోట టైరు కాస్త చదునై మొదట్లో అదురు వచ్చినా, చలికాలపు నిల్వలో ఏర్పడే ఆ చదును చాలావరకు తాత్కాలికమే. కొన్ని కిలోమీటర్లు నడిచి టైరు వేడెక్కాక పోతుంది. కుదిరినప్పుడు ఇద్దరు కలిసి కారును చక్రం అరచుట్టు తిరిగేలా ముందుకు నెడితే ఇంకా మంచిది. స్టాండ్ల గురించి పై మిత్రుడు చెప్పినదానితో మాత్రం పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

ప్రశ్న వేసినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. బ్యాటరీ ఇంటికి తెస్తున్నాను, స్టాండ్ల ఆలోచన మానుకున్నాను. ఇంకొక్క సందేహం ఉంది. షెడ్డు మూలలో ఎలుక గూడు లాంటిది కనిపించింది. కారు చుట్టూ కలరా ఉండలు చల్లితే సరిపోతుందా?

సమాధానం 4

కలరా ఉండల మీద నమ్మకం పెట్టుకోవద్దని నా సలహా. గాలి ఆడే షెడ్డులో వాటి ఘాటు నిలవదు, ఎలుకలూ త్వరగా అలవాటుపడతాయి. కారు లోపల వేస్తే ఆ వాసన సీట్లను పట్టి, ఎలుకలకంటే ముందు మిమ్మల్నే బయటికి పంపుతుంది. పైగా ఆ ఆవిరి పీల్చడం ఆరోగ్యానికి మంచిది కాదు.

ఎలుకకు కావలసినవి తిండి, గూడు, దారి. చివరిదాన్ని మూయడం మన చేతిలో ఉన్న పని. సైలెన్సర్ గొట్టం చివర, ఎయిర్ ఫిల్టర్‌కు గాలి వెళ్లే మూతి దగ్గర ఉక్కు పీచు గట్టిగా కుక్కండి. ఎలుక దాన్ని కొరకడానికి ఇష్టపడదు. ఎక్కడెక్కడ కుక్కారో కాగితం మీద రాసి స్టీరింగుకు కట్టండి, ఎందుకంటే అది తీయకుండా ఇంజన్ తిప్పితే పీచు లోపలికి పోయే ప్రమాదముంది. కారులో బిస్కెట్టు ముక్క కూడా మిగలకుండా ఊడ్చి, టిష్యూ కాగితాల డబ్బా, పాత దుప్పటి వంటివి తీసేయండి. అవి గూటికి పనికొచ్చే సరుకు. బోనులు కారు లోపల కాకుండా షెడ్డు గోడల వెంట పెట్టండి, ఎలుక గోడను అంటిపెట్టుకునే నడుస్తుంది. అన్నిటికంటే పనికొచ్చేది, రెండు వారాలకొకసారి టార్చి పట్టుకుని వెళ్లి బోనెట్ ఎత్తి చూడటం. అవి వైర్ల మీది పూతను కొరికాయంటే మరమ్మతు చాలా దూరం పోతుంది.

ఇప్పుడున్న గూడును కారు పెట్టకముందే తీసేయండి గానీ, పొడిగా ఉన్నప్పుడు ఊడ్చవద్దు. ఎలుక రెట్టల దుమ్ముతో జబ్బులు వ్యాపిస్తాయి. క్రిమిసంహారక ద్రవంతో తడిపి, చేతి తొడుగులు, మాస్కు వేసుకుని ఎత్తండి.

బీమా గురించి కూడా ఒక మాట. కారు రోడ్డెక్కదు కదా అని పాలసీని ఆపేస్తే, షెడ్డులో అగ్నిప్రమాదం జరిగినా దొంగతనం జరిగినా పరిహారం రాదు. నిలిపి ఉంచిన కాలానికి తగ్గించిన రక్షణ ఏదైనా ఉందేమో మీ బీమా సంస్థను అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

సమాధానం 1 రాసినవారి స్పందన

తిరిగి తీసే రోజున చేయవలసినది కూడా చెబుతాను, ఎందుకంటే జాగ్రత్తగా పెట్టినవారు కూడా ఆ రోజు తొందరపడతారు. ఉక్కు పీచు తీశాకనే బ్యాటరీ బిగించండి. కారు కింద ఏదైనా కారిన మరక ఉందేమో చూసి, ఆయిల్, కూలెంట్, బ్రేక్ ద్రవం మట్టాలు పరిశీలించి, టైర్లలో గాలిని మామూలు ఒత్తిడికి తగ్గించండి. బ్రేక్ పెడల్ నొక్కితే గట్టిగా ఉండాలి. మెత్తగా కిందికి దిగిపోతే ఆ కారును కదపవద్దు. డాట్ 3, డాట్ 4 రకం బ్రేక్ ద్రవాలు తేమను పీల్చుకుంటాయి కనుక, మార్పించి రెండేళ్లు దాటి ఉంటే ఆ పని కూడా ఇప్పుడే చేయించండి.

వీలైతే కారును బయటికి నెట్టి స్టార్ట్ చేయండి. నెట్టలేకపోతే తలుపులు పూర్తిగా తెరిచి, స్టార్ట్ కాగానే బయటికి తీసుకురండి. మూసిన షెడ్డులో కార్బన్ మోనాక్సైడ్ నిమిషాల్లో ప్రాణాంతకమవుతుంది, దానికి వాసన ఉండదు. ఆయిల్ ఒత్తిడి దీపం ఆరేదాకా యాక్సిలరేటర్ తొక్కవద్దు. మొదటి కిలోమీటరులో బ్రేకులు గరగరమంటాయి. డిస్కుల మీది పలచని తుప్పు అది. వెనక బండ్లు లేనప్పుడు మెల్లగా కొన్నిసార్లు నొక్కితే పోతుంది. పది కిలోమీటర్లు దాటినా ఆ శబ్దం తగ్గకపోయినా, ఆపాక ఒక చక్రం మిగతావాటికంటే బాగా వేడిగా ఉన్నా, అక్కడ ప్యాడో, దాన్ని డిస్కుకు నొక్కే కాలిపరో పట్టేసి ఉందన్నమాట. అప్పుడు ఇంటికి కాకుండా నేరుగా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.